గర్డర్లకూ అప్పగింతలు కావాలి

అరకులోయ: పెళ్ళయిన పిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు పెద్దలు ఊరికే బండెక్కించి పంపరు. పదిమందిని కూర్చోబెట్టి, పిల్ల చేయి పట్టి, అవతలివారి చేతిలో పెట్టి మరీ అప్పగిస్తారు. పిల్ల గుణం, అలవాటు, చిన్ననాడు వచ్చిన జబ్బు, అన్నీ అత్తగారి చెవిన వేస్తారు. ఇకమీదట మంచికీ చెడ్డకూ మీదే భారం అని చెప్పి, ఇటువారు కన్నీళ్ళు తుడుచుకుంటారు. అటువారు సరేనంటారు. ఇది తెలుగునాట తరతరాలుగా ఉన్న ఆచారం.

ఇంత జాగ్రత్త మనుషులకే గాని, వేలమంది ప్రాణాలు మోసే ఇనుముకు అక్కరలేదా? వంతెన మీంచి దించి, బాగుచేసి, మళ్ళీ ఇంకొక వంతెనకు ఎక్కించే గర్డరును ఒక పనిబృందం మరొక పనిబృందానికి ఎలా అప్పగిస్తున్నదన్న ప్రశ్న కొండల్లో ఉండేవారు అడగవలసిన ప్రశ్నే. ఎందుకంటే ఆ వంతెన కిందినుంచి పశువులను తోలుకుపోయేదీ వారే, దాని మీద పోయే రైలెక్కి సంతకు, ఆసుపత్రికి, కోర్టుకు వెళ్ళేదీ వారే.

కొండకు ఇనుము వచ్చిన దారి

కొత్తవలస నుంచి కిరండోల్ వరకు పోయే రైలుమార్గం కథ ఈ ప్రాంతంలో పెద్దలందరికీ తెలిసినదే. బస్తరు కొండల్లోని బైలాడిలా ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చి, అక్కడినుంచి జపానుకు ఎగుమతి చేయాలన్న తలంపుతో 1960 దశకంలో ఈ మార్గం వేశారు. దండకారణ్యం, బొలంగీర్, కిరిబురు పేర్లు కలిపి డి.బి.కె. ప్రాజెక్టు అని పిలిచిన నిర్మాణసంస్థ ఈ పని చేపట్టింది. 440 కిలోమీటర్లకు మించిన ఈ దారిలో 58 సొరంగాలు, లెక్కకు మించిన వంతెనలు ఉన్నాయి. శృంగవరపుకోట దాటాక బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా రైలు మెలికలు తిరుగుతూ ఎక్కి శిమిలిగూడ చేరుతుంది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ, దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అన్నిటికన్నా ఎత్తయినదిగా ఎన్నో ఏళ్ళు పేరు మోసింది.

ఈ మార్గం పుట్టినప్పటినుంచి చేతులు మారుతూనే ఉంది. కట్టిన ప్రాజెక్టువారు ఆగ్నేయ రైల్వేకు అప్పగించారు. 2003లో వాల్తేరు డివిజన్ తూర్పు కోస్తా రైల్వేకు మారింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను 2019లో ప్రకటించారు. కొత్తవలస నుంచి బచేలి వరకు ఉన్న భాగాన్ని కొత్త రాయగడ డివిజన్‌లో చేర్చాలని కేంద్ర మంత్రివర్గం 2025 ఫిబ్రవరిలో నిర్ణయించింది. అరకు విశాఖలోనే ఉండాలా, రాయగడకు పోవాలా అన్న వాదోపవాదాలు అందరూ విన్నవే. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. బోర్డు మీద పేరు మారినా, వంతెన మీది గర్డరు అంగుళం కూడా కదలదు. దానికి ఎన్నడు పగులు వచ్చింది, ఎవరు ఏ ప్లేటు వేసి బిగించారు, ఏ వానకు ఎంత తుప్పు పట్టింది అన్న జ్ఞాపకం మాత్రం ఒక కార్యాలయం బీరువాలోంచి ఇంకొక కార్యాలయం బీరువాలోకి ప్రయాణం చేయాలి. ఆ ప్రయాణంలో ఒక్క కాగితం జారిపోయినా ఇనుము మూగదైపోతుంది.

దీనికితోడు కొత్తవలస, కోరాపుట్ల మధ్య సుమారు 189 కిలోమీటర్ల రెండో లైనుకు 2015-16లో మంజూరు లభించింది. పనులు దశలవారీగా సాగుతూ వచ్చాయి. అంటే ఒకే కొండవాలులో పాత లైను చూసుకునేవారు ఒకరు, కొత్త లైను వేసేవారు మరొకరు. వారి కింద మట్టిపని ఒక కంట్రాక్టరుది, ఇనుపపని వేరొక కంట్రాక్టరుది. 2017 అక్టోబరులో ఘాటులో బండరాళ్ళు దొర్లిపడి వంతెన దెబ్బతిని, రాకపోకలు స్తంభించిన సంగతి ప్రజలు మరువలేదు. అటువంటి వేళ దెబ్బతిన్న భాగం విప్పేది ఒకరు, బాగుచేసేది ఇంకొకరు, ఎక్కించేది మరొకరు, రేపటినుంచి కాపలా కాసేది వేరొకరు. ఇన్ని చేతుల మధ్య జవాబుదారీ ఎవరిది?

చేతులు మారే చోటే చిక్కు

గర్డరు బాగుచేయడమంటే ఏమిటో కొంచెం తెలుసుకోవాలి. వంగిన ప్లేటును వేడిచేసి తిన్నగా చేస్తారు. తుప్పు తిన్నచోట పైనుంచి అదనపు ప్లేటు వేసి బోల్టులతో బిగిస్తారు. వదులైన రివిట్లు తీసి కొత్తవి వేస్తారు. సన్నపు పగులు కనిపిస్తే, అది ఇంకా పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం తొలుస్తారు. తరువాత అంతటికీ రంగు పూస్తారు.

రంగు పూసిన తరువాత గర్డరు కొత్త పెళ్ళికూతురులా ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. కొసన తొలిచిన ఆ రంధ్రం ఎందుకు తొలిచారో మొదటి బృందానికి తెలుసు. రెండో బృందానికి అది ఉత్త బోల్టు కన్నం. అక్కడ పగులు మళ్ళీ బయలుదేరిందా లేదా అని ప్రతి ఏడూ చూడాలని వారికి ఎవరూ చెప్పకపోతే వారు చూడరు. చూడని పగులు పెరగక మానదు.

పెద్ద గర్డర్లకు మధ్యలో కొద్దిగా పైకి విల్లులాంటి వంపు ఇస్తారు. బరువు పడ్డప్పుడు అది సమంగా నిలవాలని ఆ ఏర్పాటు. దించినప్పుడు ఆ వంపు ఎంత ఉంది, బాగుచేశాక ఎంత ఉంది అన్న రెండు కొలతలూ ఉంటేనే గర్డరు నడుము బాగుందో లేదో తెలుస్తుంది. ఒక్క కొలతే ఉంటే ఏమీ తెలియదు. అలాగే ప్రతి ముక్కకూ గుర్తు వేసి, ఏది ఎగువవైపుది, ఏది దిగువవైపుది, ఏ చివర ఏ స్తంభం మీద కూర్చోవాలి అన్నది రాసిపెట్టాలి. గుర్తు చెరిగిపోతే కన్నాలు కలవవు. కన్నాలు కలవకపోతే పనివాడు సమ్మెటతో కొట్టి కలుపుతాడు. అలా బలవంతాన కలిపిన చోటే రేపు పగులు పుడుతుంది.

పాత ఉక్కు సంగతి వేరు. నూరేళ్ళకు పైబడిన గర్డర్లలోని ఉక్కులో గంధకం, భాస్వరం ఎక్కువగా ఉండవచ్చు. దానికి వెల్డింగు పడదు. అతుకు పైకి బాగానే కనిపించినా పక్కనే పెళుసెక్కి విరుగుతుంది. ఏ గర్డరు ఏ కాలపుదో కాగితం మీద లేకపోతే, వెల్డింగు మిషను పట్టుకున్న కుర్రవాడికి ఆ సంగతి తెలిసేదెలా?

ఇటువంటి సందర్భాల్లో సాధారణంగా జరిగేదేమిటంటే, ఇచ్చేవారు ‘మా పని అయిపోయింది’ అంటారు. పుచ్చుకునేవారు ‘మాకు ఇలాగే ఇచ్చారు’ అంటారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. ఇద్దరికీ చెందిన గొర్రెకు ఇద్దరూ మందు పెట్టరు. గర్డరు విషయంలో ఆ సామెత నిజమైతే చచ్చేది గొర్రె కాదు.

కొండ కమ్మరి కొలిమి

ఈ విషయంలో ఇంజనీర్లు కొండ కమ్మరుల దగ్గర నేర్చుకోవలసినది కొంత ఉంది. మన్యంలో నాగటి కర్రు అరిగినా, గొడ్డలి వాయి విరిగినా రైతు కొలిమి దగ్గరకే పోతాడు. కమ్మరి ఇనుమును ఏ రంగు వచ్చేవరకు కాల్చాలో కంటితో చెప్పగలడు. ఎక్కువ కాలిస్తే ఇనుము సారం పోతుందని, కాలిన వెంటనే నీళ్ళలో ముంచితే గట్టిపడినా పెళుసెక్కుతుందని అతనికి తెలుసు. వంతెన ఉక్కును వేడిచేసి తిన్నగా చేసేటప్పుడు సుమారు 650 డిగ్రీలు దాటరాదన్న ఇంజనీర్ల నియమం కూడా ఇదే అనుభవం నుంచి వచ్చినది. అంటే ముదురు ఎరుపు దాటి పోకూడదన్నమాట.

అంతకన్నా ముఖ్యం, పని పూర్తయ్యాక కమ్మరి చేసేది. కర్రును రైతు చేతికి ఇచ్చి, ఎక్కడ అతుకు వేశాడో వేలు పెట్టి చూపిస్తాడు. ‘ఈ సాలు మెత్తనేలలో దున్ను, రాతినేలకు పోకు’ అని హెచ్చరిస్తాడు. రైతు దాన్ని అక్కడే తిప్పి చూస్తాడు, రాయిమీద కొట్టి వింటాడు. వారపు సంతలో కుండ కొనే ఆడవారు కూడా వేలితో తట్టి, మోగితేనే డబ్బిస్తారు. వంతెన తనిఖీకి వచ్చినవారు చిన్న సుత్తితో రివిటు తలను తట్టి, వదులయిందో బిగువుగా ఉందో పోల్చుకోవడమూ ఇదే విద్య. తేడా ఒక్కటే. కమ్మరికీ రైతుకూ మధ్య మూడోవాడు లేడు. కర్రు విరిగితే రైతు మర్నాడే కొలిమి ముందు నిలబడతాడు. గర్డరుకూ దాన్ని బాగుచేసినవారికీ మధ్య టెండర్లు, బిల్లులు, బదిలీలు అడ్డుగా ఉన్నాయి. ఆ దూరాన్ని కాగితమే పూడ్చాలి.

అప్పగింత తప్పితే ఏమవుతుంది?

గుజరాతులోని మోర్బీ పట్టణంలో మచ్చు నది మీద రాజుల కాలంనాటి వేలాడే వంతెన ఉండేది. మరమ్మతుల కోసం నెలల తరబడి మూసి, 2022 అక్టోబరు 26న మళ్ళీ తెరిచారు. నాలుగు రోజులు తిరగకుండానే, 30వ తేదీ సాయంత్రం అది కూలిపోయి 135 మంది చనిపోయారు. చనిపోయినవారిలో పసిపిల్లలు అనేకులు. దర్యాప్తు సంఘం తేల్చినదేమిటంటే, ఒక ప్రధాన తీగలోని 49 పోగుల్లో 22 పోగులు ప్రమాదానికి ముందే తుప్పుపట్టి ఉన్నాయి. పాత వేలాడు కమ్మీలకు కొత్తవి వెల్డింగుతో అతికారు. పురపాలక సంఘం నుంచి యోగ్యతాపత్రం తీసుకోకుండానే వంతెన తెరిచారు. పైన కొత్త నడకబల్ల, కొత్త రంగు. లోపల పాత తుప్పు. బాగుచేసినవారికీ, ఊరి తరఫున పుచ్చుకోవలసినవారికీ మధ్య జరగవలసిన అప్పగింత జరగలేదు.

జపానులో ఇంకా పెద్ద ఘోరం జరిగింది. 1978లో ఒక విమానం తోక నేలకు రాసుకుని లోపలి గోడ దెబ్బతిన్నది. తయారుచేసిన కంపెనీ నిపుణులే వచ్చి బాగుచేశారు. అతుకు దగ్గర ఒకే ప్లేటు వేసి రెండు వరుసల రివిట్లు పనిచేసేలా బిగించమని కాగితం మీద ఉంది. పనిలో మాత్రం ఆ ప్లేటును రెండు ముక్కలు చేశారు. దానితో బరువంతా ఒకే వరుస రివిట్ల మీద పడింది. పైనుంచి చూస్తే తేడా కనిపించలేదు. విమానం పుచ్చుకున్నవారు ఏడేళ్ళు నడిపారు. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలి, విమానం కొండకు కొట్టుకుని 520 మంది మరణించారు. నలుగురే బతికారు. అది ఉక్కు కాదు, అల్యూమినియం రేకు. అయినా పాఠం ఒకటే. చెప్పిన మరమ్మతు వేరు, చేసిన మరమ్మతు వేరు అయినప్పుడు ఆ సంగతి పుచ్చుకునేవారికి తెలియకపోతే, ఏడేళ్ళు గడిచినా ప్రమాదం కాచుకునే ఉంటుంది.

చక్కగా చేస్తే ఆలస్యం కాదు

ఇన్ని తనిఖీలు, ఇన్ని సంతకాలు పెట్టుకుంటే పని సాగేదెట్లా అని కొందరు అధికారులు, కంట్రాక్టర్లు అంటారు. వారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ఘాటులో వంతెన తెగితే ఖనిజం బండ్లే కాదు, మన్యం ప్రయాణికులూ ఆగిపోతారు. పసుపు, పిప్పళ్ళు, చింతపండు, కొండచీపుళ్ళు మూటగట్టుకుని కిందికి పోయేవారి రోజుకూలి పోతుంది. పర్యాటకుల మీద బతికే చిన్న దుకాణాలు మూతపడతాయి. త్వరగా తెరవమని ప్రజలే ఒత్తిడి చేస్తారు.

అయితే త్వరకూ జాగ్రత్తకూ వైరం లేదని పంబన్ వంతెన చాటింది. 1964 డిసెంబరులో వచ్చిన తుపాను రామేశ్వరం వంతెనను చిన్నాభిన్నం చేసింది. నూటికి పైగా గర్డర్లు సముద్రంలో పడ్డాయి. బాగుచేయడానికి నెలలు పడుతుందన్నారు. ఆ బాధ్యత మీద వేసుకున్న ఇంజనీరు ఇ. శ్రీధరన్. మన కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదువుకున్నవారే. కొత్త గర్డర్లు వచ్చేదాకా కూర్చోకుండా, సముద్రంలో పడినవాటిని వెదికి పైకి తీయించి, పనికివచ్చేవాటిని మళ్ళీ ఎక్కించారు. 46 రోజుల్లో వంతెన నిలబడింది. వెలికితీసిన గర్డరులో ఏది పనికివస్తుంది, ఏది పనికిరాదు అని వేరుచేయకుండా అది సాధ్యమయ్యేది కాదు. పాత ఇనుమును వాడడం తప్పు కాదని, తెలిసి వాడితే మేలేనని దీనివల్ల రుజువైంది.

ఒక గర్డరును ఇద్దరు ఇంజనీర్లు కలిసి తిరిగి చూసి, కొలిచి, సంతకాలు చేయడానికి ఒక పూట పడుతుంది. మొదటి కొన్ని రోజులు రైళ్ళను నెమ్మదిగా పోనిచ్చి, చూసి, తరువాత వేగం పెంచడం రైల్వేలో ఉన్న పద్ధతే. వానాకాలం వెళ్ళాక ఏటా వంతెనలు తనిఖీ చేసే నియమమూ, వంతెనకొక రిజిస్టరూ ఉన్నాయి. కావలసింది కొత్త చట్టం కాదు. వంతెనకు ఉన్న రిజిస్టరు లాంటిదే, దించి బాగుచేసిన ప్రతి ముక్కకూ ఉండాలి. ఆ ముక్క ఎక్కడికి పోతే ఆ పుస్తకం అక్కడికి పోవాలి.

నిజం చెప్పినవాడికి శిక్ష

అసలు కిటుకు వేరొక చోట ఉంది. మరమ్మతులోని లోపం కాగితం మీద ఎక్కకపోవడానికి కారణం ఎప్పుడూ బద్ధకమే కాదు. ‘ఇక్కడ పగులు ఉంది, రంధ్రం తొలిచాం, ఏటా చూడండి’ అని రాసిన బృందానికి ఏమవుతుంది? పుచ్చుకునేవారు ఆ గర్డరు మాకొద్దంటారు. బిల్లు ఆగిపోతుంది. పై అధికారి సంజాయిషీ అడుగుతారు. ఏమీ రాయకుండా రంగు పూసి పంపిన బృందానికి మాత్రం బిల్లు తెల్లవారేసరికి పాసవుతుంది. నిజం చెప్పినవాడు నష్టపోయి, దాచినవాడు లాభపడే చోట ఎవరు నిజం రాస్తారు?

పుచ్చుకునేవారి పరిస్థితీ అంతే. సంతకం చేసిన మరుక్షణం నుంచి ప్రతి లోపమూ వారి నెత్తిన పడుతుంది. అందుకని వారు సంతకం వాయిదా వేస్తారు. గర్డరు వంతెన ఎక్కి, రైళ్ళు తిరుగుతూనే ఉన్నా, కాగితం మీద అది ఎవరిదీ కాకుండా నెలల తరబడి ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆ నెలల్లో వానలు వస్తే చూసే దిక్కు ఎవరు?

దీనికి మార్గం లేకపోలేదు. అప్పగించిన తరువాత వచ్చే మొదటి వానాకాలం ముగిసేవరకు ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ జవాబుదారీ వహించాలి. వానలు వెళ్ళాక ఇద్దరూ కలిసి మళ్ళీ చూసి, అప్పుడు తుది సంతకం చేయాలి. ఈ లోపల ముందుగా రాసి చెప్పిన లోపానికి ఎవరినీ శిక్షించరాదు, బిల్లు ఆపరాదు. దాచిన లోపం బయటపడితే మాత్రం విడిచిపెట్టరాదు. ఈ ఒక్క నియమం పెడితే కాగితాల్లో నిజం దానంతట అదే వచ్చి చేరుతుంది.

గెడ్డల మీద వంతెనల మాటేమిటి?

రైల్వేకు రిజిస్టర్లున్నాయి, ఇంజనీర్లున్నారు, భద్రతా కమిషనరు ఉన్నారు. కొండల్లోని గెడ్డల మీద ఉన్న చిన్న ఇనుపవంతెనలకు ఎవరున్నారు? అనంతగిరి, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల్లో వానాకాలం వస్తే గెడ్డ అవతలి ఊళ్ళకు దారి ఉండదు. నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చేవారికి ఆ నాలుగు ఇనుపబద్దల వంతెనే దిక్కు. వంతెన విలువ ఏమిటో సరిహద్దు అవతల బలిమెల జలాశయం చుట్టూ ఉన్నవారిని అడగాలి. అక్కడ గురుప్రియ వంతెనకు 1982లో శంకుస్థాపన జరిగితే, జనం దాని మీద నడిచింది 2018 జూలైలో. ముప్పయ్యారేళ్ళు వారు పడవలనే నమ్ముకున్నారు.

కాలివంతెనలకు వాడే ఇనుము తరచు ఒకచోట విప్పి మరొకచోట బిగించడానికి వీలుగా ఉంటుంది. వరదల్లో సైన్యం వేసే బెయిలీ వంతెన పలకలు అందుకే పుట్టాయి. ఒక ఊరి అవసరం తీరాక ఇంకొక ఊరికి పనికిరావడం మంచిదే. పెద్ద వంతెనల నుంచి దించిన గర్డర్లలో బరువు బండ్లకు చాలనివి మనుషులు, పశువులు నడిచే వంతెనలకు చక్కగా చాలవచ్చు. వాటిని పాత ఇనుము కింద తూకానికి అమ్మివేసే బదులు, పరీక్షించి, బాగుచేసి, గిరిజన గ్రామాలకు ఇస్తే ఎన్నో గెడ్డల మీద దారులు పడతాయి. ఈ కొండలను తొలిచి లక్షల టన్నుల ఇనుపరాయిని తీసుకుపోయిన రైలుమార్గం, నాలుగు గర్డర్లను ఈ కొండలకే తిరిగి ఇవ్వడం న్యాయమే అవుతుంది.

కాని ఇచ్చేటప్పుడు గిరిజనులకు ఇస్తున్నాం గదా అని చేతులు దులుపుకోరాదు. రైలు మోయనిది మనిషిని మోస్తుందన్నది లెక్క వేసి చెప్పాలే గాని ఊహించి చెప్పరాదు. ఎంత బరువు మోస్తుందో, ట్రాక్టరు ఎక్కవచ్చో లేదో, ఎక్కడ అతుకు ఉందో రాసి ఇవ్వాలి. లేకపోతే మేలు చేయబోయి కీడు చేసినట్లవుతుంది.

చేయవలసినవి

రైల్వే, రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ శాఖ, ఐ.టి.డి.ఎ. అధికారులు ఈ కింది విషయాలను ఆలోచించాలి.

బాగుచేసిన ప్రతి ఇనుప భాగానికీ చెరగని అంకె ఒకటి కొట్టాలి. రంగుతో రాస్తే రెండు వానలకు పోతుంది, ఉలితో కొట్టాలి.

ఆ అంకెతో ఒక పుస్తకం ఉండాలి. ఎప్పుడు చేసినది, ఎక్కడ దెబ్బతిన్నది, ఏం చేసి బాగుచేశారు, ఏమేం పరీక్షలు చేశారు, ఏటా చూడవలసిన చోట్లు ఏవి అన్నది అందులో ఉండాలి. ఆ పుస్తకం లేకుండా వచ్చిన ముక్కను పుచ్చుకోరాదు.

రంగు పూయకముందే ఇరుబృందాల ఇంజనీర్లూ కలిసి చూడాలి. రంగు పూశాక చూసే తనిఖీ, ముసుగు వేశాక చూసే పెళ్ళిచూపులు వంటిది.

మొదటి వానాకాలం ముగిసేవరకు ఉమ్మడి బాధ్యత ఉండాలి. ఉమ్మడి అంటే ఎవరిదీ కాదని కాదు, ఇద్దరిదీ అని. ఇద్దరి పేర్లూ వంతెన దగ్గర బోర్డు మీద రాయాలి.

గెడ్డల మీద కాలివంతెనల విషయంలో అప్పగింత పంచాయతీ కార్యాలయంలో, గ్రామపెద్దల ఎదుట జరగాలి. ఎంత బరువు మోయగలదో తెలుగులోనూ, వీలైనచోట ఊరివారి భాషలోనూ చెప్పాలి. ఊరికి ఇద్దరు యువకులకు రివిటు తట్టి చూడడం, వదులైన బోల్టు, కొత్త పగులు పోల్చుకోవడం నేర్పి, ఎవరికి కబురు చేయాలో చెప్పాలి. కొలిమి పని ఎరిగిన కొండ కమ్మరుల పిల్లలకు ఇది పదిరోజుల్లో వస్తుంది.

ఊరివారి కర్తవ్యమూ కొంత ఉంది. వంతెన బోల్టులు విప్పి పాత ఇనుము బేరగాడికి అమ్మేవాడిని చూసీ చూడనట్లు వదిలిపెట్టడం తగదు. కొత్త రంగు చూసి బాగుందనుకోకుండా, పుస్తకం ఏదీ అని అడగాలి. గ్రామసభలో ఒక్కరు లేచి ఆ మాట అడిగినా అధికారులు మరుసటి సభకు దాన్ని తేక తప్పదు.

నైరుతి వానలు కొండకు వచ్చేవేళకు ఘాటులో ప్రతి గెడ్డా నిండుతుంది, ప్రతి స్తంభం మీదా నీటి ఒత్తిడి పెరుగుతుంది. బొర్రా దగ్గర వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు, 2017 నుంచి వచ్చిన అద్దాల పెట్టెల్లోని యాత్రికులు లోయ అందం చూస్తారు. అదే రైల్లో వెనకపెట్టెలో మూటల మీద కూర్చున్న ముసలవ్వ ఏమీ చూడదు, కళ్ళు మూసుకుని కునుకు తీస్తుంది. కింద ఉన్న ఇనుమును ఎవరో ఒకరు చూశారన్న నమ్మకంతోనే ఆమె నిద్రపోతుంది. ఆ నమ్మకం నిలిపే పని ఇచ్చినవారిదీ, పుచ్చుకున్నవారిదీ. వానలు రాకముందే అధికారులు దీనికి పూనుకోవాలని మన్యం ప్రజలు కోరితే, అది గొంతెమ్మ కోరిక కాదు.